చీనా రేగు గింజలు

సాయాగౌడు కుంటడం ఎల్లారెడ్డి ఊరంతా చూసింది. కానీ ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు కుంటుతున్నాడని కనిపెట్టింది మాత్రం అతని పెళ్లాం శాంతవ్వ ఒక్కతే.

విరిగింది కుడికాలు. కిందటేడు ఎల్లమ్మ పండుగ వెళ్లిన కొన్నాళ్లకు, మంచుకు తడిసిన తాటిచెట్టు మీద మోకు జారి కిందపడ్డాడు. మోకంటే గీత పనివాళ్లు తమ నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు. ప్రాణమంతా దానిమీదే ఉంటుంది. ఎముకలు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. వానాకాలం వచ్చేసరికి కాలు బాగానే అతుక్కుంది. ఆ కాలితోనే సాయాగౌడు చెలక పనికి పోయేవాడు, అంగడికి పోయేవాడు, చుట్టాలింట్లో విందంటే అందరికంటే ముందు నడిచేవాడు. తాటివనం దారి పట్టగానే మాత్రం కుంటు వచ్చేది. ఏ కాలు కుంటాలో గుర్తుపెట్టుకునే తీరిక ఆ భయంలో ఎక్కడిది?

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడి సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. ఎందుకెక్కవంటే సాయాగౌడు చెప్పే సాకులు అంతకంటే అన్యాయంగా ఉండేవి. ఇవాళ గాలి ఉందనేవాడు. గాలి లేనిరోజు ఉక్కగా ఉందనేవాడు. ఏదీ దొరక్కపోతే కాలు ఉండనే ఉంది.

భయమని చెప్పుకోలేడు. కల్లు గీసే గౌండ్ల ఇంట పుట్టి చెట్టంటే భయమన్నవాడు ఆ ఊళ్లో లేడు. కులపెద్ద రామస్వామిగౌడు ముందు ఆ మాట అనడానికి నోరు పెగిలేది కాదు. ఆయన మీసమే సగం ఊరిని అదుపులో పెట్టేది. ఎల్లారెడ్డి గౌండ్లకు ఒక కట్టుబాటు ఉంది. మాఘంలో ఎల్లమ్మ పండుగనాడు ప్రతి గౌడూ తన చెట్టు తానే ఎక్కి, తన చేత్తో గీసి, ఒక లొట్టి కల్లు దించి దేవత గద్దె ముందు పెట్టాలి. పెట్టినవాడికి ఆ ఏటికి చెట్లు దక్కుతాయి. పెట్టనివాడి చెట్లు ఇంకొకడికి పోతాయి. ఒకసారి పోయిన చెట్టు తిరిగొచ్చిన ముచ్చట ఎవరూ వినలేదు.

సాయాగౌడు పడ్డప్పటినుంచి అతని చెట్లు చిన్నాయన కొడుకు నారాయణగౌడు గీస్తున్నాడు. మొదట్లో సాయంగా గీశాడు. రానురాను ఆ చెట్లకింద నిలబడి పైకి చూసే చూపులో సొంతదారు కళ వచ్చింది. శాంతవ్వ దాన్ని కూడా కనిపెట్టింది.

సంక్రాంతి దాటగానే రామస్వామిగౌడు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సాయా, కాలు, కాలు అంటున్నవని ఏడాది ఆగిన. ఈ పండుగకు ఎక్కకపోతే అది కాలు గాదనుకుంట. భయమున్న చేతికి నేను గీసే కత్తి ఇయ్య."

సాయాగౌడు తల ఊపాడు. ఆయన వెళ్లిపోయాక కూడా ఊపుతూనే ఉన్నాడు.

శాంతవ్వకు పేరులో ఉన్న శాంతం నోట్లో లేదు. "ఎందుకు గాదు, అయితది" అనేది ఆమె ఊతపదం. ఈనలేక కొట్టుకునే బర్రెను చూసినా, వంగిపోయిన ఇంటి దూలాన్ని చూసినా ఆ మాటే అని కొంగు నడుముకు చుట్టేది. చాలాసార్లు అయ్యేది కూడా. భర్త నిద్రలో ఉలిక్కిపడి మంచంపట్టె పట్టుకోవడం ఆమె ఏడాదిగా చూస్తోంది. చెట్టు పేరెత్తితే అతని అరచేతులు తడవడం చూస్తోంది. చెట్లు పోతే పోతాయని కాదు, పోయాక ఈ మనిషి ఏమైపోతాడని ఆమె బెంగ. తాటివనం లేని సాయాగౌడును ఆమె ఊహించుకోలేకపోయింది. ఇప్పుడు ఆ ఊతపదమే తనకు చెప్పుకుని, ఉడికించిన తాటి గేగుల కట్ట నెత్తిన పెట్టుకుని, కామారెడ్డి పోయే బెల్లం బండి ఎక్కింది.

కామారెడ్డి స్టేషను దగ్గర ఖయ్యూం సాబుకు మూలికల దుకాణం ఉండేది. ముందుగదిలో ఆయన కూర్చుంటే, వెనక గోనెపట్టా తెర చాటున ఆయన భార్య బిల్కిస్ బీ ఆడవాళ్లతో మాట్లాడి మందులిచ్చేది. తాటి గేగులంటే బిల్కిస్‌కు ప్రాణం. శాంతవ్వ వచ్చిందంటే పీట వేసి కూర్చోబెట్టేది.

"కాలు నొప్పికి తైలం గావాల్నా?" అంది గేగు నార తీస్తూ.

"కాలుకు గాదు బీబమ్మా, గుండెకు. మా ఆయన చెట్టును సూస్తె జడుసుకుంటున్నడు. పండుకుంటే నిద్ర లేదు. ఎవలకు చెప్పకు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట ముందుగదిలోకి కూడా వినబడేంత గట్టిగా అంది. అక్కడ బల్ల మీద ఒక చీనాయన కూర్చుని ఉన్నాడు. చీనా దేశం నుంచి వచ్చి, పట్టుబట్టల మూట సైకిలుకు కట్టుకుని ఊరూరూ తిరిగే మనిషి. కామారెడ్డిలో రైలు దిగినప్పుడల్లా ఖయ్యూం సాబుకు తమ దేశపు మూలికలు కొన్ని తెచ్చి ఇచ్చేవాడు. నిజాంసాగర్ కట్టిన తర్వాతి ఆ ఏళ్లలో అలాంటివాళ్లు అప్పుడొకడూ ఇప్పుడొకడూ కనబడేవాళ్లు. ఆయన విరిగిన ఉర్దూలో ఏదో అన్నాడు. బిల్కిస్ తెర సందులోంచి అడిగి తెలుసుకుంది.

"మనిషి పండుకుంటడు గని గుండె పండుకోదట. గసోంటోళ్లకు వాళ్ల దేశంల ఒక గింజ ఉన్నదంట."

పొట్లం విప్పి చూపించింది. ఎర్రమట్టి రంగులో, నున్నగా, బల్లపరుపుగా ఉన్న చిన్న గింజలు.

"ఏం గింజలు గివి?"

"రేగు గింజలు. చీనాల కాసే పుల్లరేగు. మన రేగుపండుకు చుట్టమే అనుకో. రాయి అసోంటి టెంకె పగలగొడితే లోపలుంటయి."

శాంతవ్వ గింజలను అరచేతిలో పోసుకుని చూసింది. తర్వాత తెర పక్కకు జరిపి చీనాయననే నేరుగా అడిగింది.

"నువ్వు తాగుతవా?"

బిల్కిస్ నవ్వుతూనే ఆ ప్రశ్న అటు చేర్చింది. చీనాయన నవ్వలేదు. రోజూ తాగుతానన్నాడు. వాళ్ల దేశంలో లడాయి నడుస్తోంది. ఇంటిదగ్గర పెళ్లాం, తల్లి ఉన్నారు, ఎలా ఉన్నారో తెలియదు. ఇది తాగితే లడాయి ఆగదు కానీ తెల్లారి లేచి సైకిలు తొక్కే ఓపిక ఉంటుంది. బిల్కిస్ ఇదంతా తెలుగులో చెప్పింది. తన లొట్టిలోది తాను తాగనివాడి కల్లు ఎవరూ నమ్మరు. ఈయన తన మందు తాను తాగుతున్నాడు. ఆమెకు అది చాలు. గేగుల కట్టలోంచి నాలుగు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"విను మల్ల," అంది బిల్కిస్. "పెంకు మీద దోరగ వేయించు. కచ్చాపచ్చ దంచి నీళ్లల్ల మరగబెట్టు. వడగట్టి పండుకునే ముందు ఇయ్యి. పొద్దుగాల ఇయ్యకు. కల్లుల కలుపకు."

శాంతవ్వ అన్నింటికీ తలూపింది.

అన్నీ విన్నది, అన్నీ చేసింది, చివరిది తప్ప. గౌండ్ల ఇంట్లో మందంటే ఏమిటో బిల్కిస్‌కు ఏం తెలుసు? పిల్లకు దగ్గొస్తే మిరియాలు కల్లులోనే వేస్తారు. బాలింతకు పసరు కల్లులోనే పోస్తారు. కల్లు తగలని మందు ఒంటికి పట్టదని శాంతవ్వ తాత నుంచీ అందరి నమ్మకం. పైగా సాయాగౌడు మందని చెబితే తాగడు. నాకేం రోగమంటాడు. కాబట్టి గింజలు వేయించి, దంచి, మరిగించి, చిక్కటి కషాయాన్ని సాయంత్రపు లొట్టిలో కలిపి ముందు పెట్టింది. వగరుగా ఉందేమని అడిగితే నారాయణ గీసిన కల్లు అట్లాగే ఉంటుందంది.

ఆ రాత్రి సాయాగౌడు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. మంచంపట్టె పట్టుకోలేదు. తెల్లారింది, పొద్దెక్కింది, పాలవాళ్లు పోయారు, పక్కింటి సాలవ్వ వచ్చి మనిషి ఉన్నాడా అని తొంగిచూసి పోయింది. మిట్టమధ్యాహ్నానికి కళ్లు విప్పి, తనకు ఆకలవుతోందన్నాడు. శాంతవ్వకు ఎంత సంతోషమైందంటే, కోడిని కోసింది. ఆ రాత్రీ అదే కలిపి పోసింది, మర్నాడూ అంతే నిద్ర. ఆ మర్నాడు అతను తనంతట తానే మోకు భుజాన వేసుకుని, "పోదాం పా, జర ఎక్కి సూస్త" అన్నాడు. శాంతవ్వ గింజలను మెచ్చుకుంది, చీనాయనను మెచ్చుకుంది, అందరికంటే ఎక్కువగా తనను మెచ్చుకుంది.

వనంలో ఎవరూ లేరు. సాయాగౌడు తండ్రినాటి చెట్టుకు మోకు వేశాడు. చేతులు వణకలేదు. మోకును రెండుసార్లు పైకి జరుపుకుని రెండు పట్లు ఎక్కాడు. అక్కడ ఆగి చెంప చెట్టుకు ఆనించాడు. శాంతవ్వ కింద నిలబడి, దండం పెట్టుకుంటున్నాడేమో అనుకుంది. కొంతసేపటికి గురక వినబడింది.

ఆమె ఒక్క ఉరుకున చెట్టు మొదట్లోకి పోయింది. చేతులు చాస్తే అతని మడమలు అందుతున్నాయి. రెంటినీ గట్టిగా పట్టుకుని పేరుపెట్టి పిలిచింది. పెళ్లయ్యాక మొగుణ్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. సాయాగౌడు ఉలిక్కిపడి, చెట్టును గీరుకుంటూ కిందికి జారాడు. రొమ్ము చర్మం చెక్కుకుపోయింది. కళ్లు ఇంకా మత్తుగానే ఉన్నాయి.

"ఏం పోసినవ్ నాకు?"

"మందు."

"దేనికి మందు?"

"భయానికి."

సాయాగౌడు మొహం ఎర్రబడింది. "నాకు భయమని ఎవరన్నరు?"

"నీ కాళ్లే అన్నయి. విరిగింది కుడిది. ఒకనాడు కుంటింది ఎడమది. మల్లొకనాడు కుడిది."

అతను తన కాళ్లవంక చూసుకున్నాడు. చెట్టు మొదట్లో చతికిలబడి, చాలాసేపు గడ్డిపోచలు తెంపుతూ కూర్చున్నాడు.

"ఎన్నడు తెలిసింది నీకు?"

"బతుకమ్మ పండుగకు ముందే."

"మరెందుకు అడగలే?"

"నువ్వే చెప్తవని సూసిన."

సాయాగౌడు తలెత్తలేదు. "చెట్టు మీద చెయ్యి పెడితే సాలు శాంతా, మల్ల పడుతనే ఉంట. అప్పుడన్న కింద తగిలి ఆగిన. ఇప్పుడు ఆగుత లేను."

శాంతవ్వకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపం అలవాటైన పని గనక ముందు అదే చేసింది. ఏడాదిపాటు ఒక్కడివే మోసినవా, పక్కన పండుకునేదాన్ని నేను మనిషిని కానా అని దులిపింది. దులిపి దులిపి చివరికి అతని రొమ్ము మీది నెత్తుటిని కొంగుతో తుడుస్తూ గొంతు తగ్గించింది.

"నేను గూడ తప్పు జేసిన. నీళ్లల్ల ఇయ్యిమంటే కల్లుల పోసిన. రెండు మత్తులు ఒక్కటైనయి. గింత ఎత్తుల నిద్రవట్టింది గనక అందినవ్. పైకి పోయినంక పడితే?"

మోకును తానే చుట్ట చుట్టింది.

"ఇంక ఎవలెవలకు తెలుసు?" అన్నాడు సాయాగౌడు.

"బిల్కిస్ బీబమ్మకు. మల్ల ఒక చీనాయనకు."

"చీనాయనకా?" అతను ఆమె మొహంలోకి చూశాడు. "నా భయం చీనా దాకా పోయిందా?"

ఏడాది తర్వాత సాయాగౌడు నవ్వడం అదే. శాంతవ్వ కూడా నవ్వింది. ఇద్దరూ చెట్టుకింద కూర్చుని నవ్వుతుంటే చూసినవాళ్లు ఉంటే పొద్దున్నే తాగారని అనుకునేవాళ్లు.

ఆరోజునుంచి దాపరికం లేదు. పొద్దుగూకగానే శాంతవ్వ గింజలు వేయించేది, సాయాగౌడు రోట్లో దంచేవాడు. "గింత రేగు గింజకు గింత పెత్తనమా? చెలకల ఉన్న రేగంత నేనే తిన్న, ఎన్నడన్న నిద్ర వచ్చిందా?" అని సణిగేవాడు. "టెంకె ఊసేసినవ్ గదా, నిద్ర దాంట్ల ఉండె" అని ఆమె నోరు మూయించేది. సాయంత్రం కల్లు మానేశాడు. తాటిచెట్టుకింద పాలు తాగినా కల్లే అంటారు. గౌండ్లోడు అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడంటే నమ్మేదెవరు? ఆ చెంబులో ఏముందని సాలవ్వ అడిగింది. కాలుకు చీనా మందని శాంతవ్వ చెప్పింది. మర్నాటికి వాడకట్టంతా తెలిసిపోయింది.

నిద్ర నెమ్మదిగా దారికొచ్చింది. పీనుగులా పడుకోవడం పోయి, మనిషిలా పడుకుని మనిషిలా లేవసాగాడు. ఒక్కోరోజు ఉలిక్కిపడేవాడు, మళ్లీ పడుకునేవాడు. పొద్దున లేచి ఇద్దరూ వనానికి పోయేవాళ్లు. మొదట చెట్టు ముట్టుకుని వచ్చాడు. తర్వాత ఒక పట్టు ఎక్కి దిగాడు. తర్వాత రెండు. ఒకరోజు ఏమీ ఎక్కకుండా తిరిగొచ్చేశాడు. శాంతవ్వ ఆరోజు ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఆమె పడ్డ అవస్థ దేవుడికే ఎరుక. పండుగ దగ్గరకొచ్చేనాటికి అతను చెట్టు నడిమి దాకా పోగలుగుతున్నాడు. నడిమి దాకా ఎక్కినవాడికి కల్లు దొరకదు. లొట్టి పైన మట్టల్లో ఉంటుంది.

పండుగనాడు పొద్దున్నే సాయాగౌడు స్నానం చేసి, మోకుకు పసుపు రాసి, పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఆ గింజల నీళ్లు జర పొయ్యి."

"పొయ్య."

"ఈ ఒక్కనాడు."

"అవి పండుకునేదానికి. ఎక్కేదానికి మందు లేదు."

"మరేమున్నది?"

"మోకున్నది. కత్తున్నది. కింద నేనున్న."

సాయాగౌడు కత్తి నడుముకు దోపుకున్నాడు.

ఎల్లమ్మ గద్దె తాటివనం అంచునే ఉంది. గొంగడి మీద రామస్వామిగౌడు మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. డప్పులు మోగుతున్నాయి. ఒక్కొక్క గౌడు తన చెట్టెక్కి లొట్టి దించుకొచ్చి పెడుతున్నాడు. నారాయణ తనది పెట్టి, సాయాగౌడు చెట్టుకేసి ఓసారి చూసి, పక్కకు నిలబడ్డాడు. రామస్వామిగౌడు పేరు పిలిచాడు.

సాయాగౌడు కుంటకుండా నడిచి మోకు వేశాడు. ఒక పట్టు, ఇంకో పట్టు ఎక్కుతూ నడిమి దాకా పోయాడు. అక్కడ ఆగిపోయాడు. రోజూ దిగివచ్చే చోటు అదే. మోకు కదలడం లేదు. డప్పు కొట్టేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేతులు ఆపారు. రామస్వామిగౌడు లేచి నిలబడ్డాడు. శాంతవ్వ కొంగును పిడికిట్లో నలుపుతోంది. ఇప్పుడు దిగితే చెట్లు ఈ సాయంత్రానికే నారాయణవి.

పైనుంచి గొంతు వినబడింది. అంత నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"శాంతా, గుండె కొట్టుకుంటున్నది."

ఏడాదిగా దాచిన మాట కులమంతా వింది. కొత్తకోడళ్లు కూడా విన్నారు. శాంతవ్వ చెట్టు మొదట్లోకి పోయి, తల పైకెత్తింది.

"కొట్టుకోకుంటే పరేషాన్ గావాలె. కొట్టుకుంటున్నదంటే పానం మంచిగున్నట్టే. ఎక్కు."

ఎవరూ నవ్వలేదు. దేనికైనా నవ్వే గౌండ్లు ఆ మాటకు నవ్వలేదు. కొందరు నేల చూశారు, కొందరు చేతిలోని మోకులు చూసుకున్నారు. నారాయణ మొలతాడు సర్దుకున్నాడు.

పైన మోకు ఒక జానెడు జరిగింది. తర్వాత ఇంకొంచెం. ఆగి ఊపిరి పీల్చిన చప్పుడు కూడా కిందికి వినబడింది. మళ్లీ జరిగింది. చివరికి మట్టలు కదిలాయి, కత్తి గీసిన చప్పుడు వచ్చింది. లొట్టితో కిందికి దిగేసరికి సాయాగౌడు ఒళ్లంతా చెమట. మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. దాచుకోలేదు. వణికే కాళ్లతోనే నడిచి లొట్టిని గద్దె ముందు పెట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

రామస్వామిగౌడు లొట్టిని చూశాడు, అతన్ని చూశాడు.

"చెట్లు సాయానియే," అన్నాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

శాంతవ్వ గద్దెకు మొక్కి, ఎవరూ చూడకుండా ఒక చెట్టు చాటుకుపోయి తనివితీరా ఏడ్చింది. ఏడ్చి మొహం తుడుచుకుని తిరిగేసరికి ఎదురుగా రామస్వామిగౌడు నిలబడి ఉన్నాడు. గబగబా కొంగు తలమీదికి లాక్కుంది. ఆయన ఏదో అనబోయి ఆగి, వెనక్కి చూసుకుని, మీసం మీద చెయ్యి వేశాడు. ఆ మీసం అంత నీరసంగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"బిడ్డా, సాయాని కాలుకు ఏదో చీనా మందు తెచ్చినవంట గద."

"అవు మామా."

"ఇంక ఏమన్న మిగిలిందా? నాకు గూడ జర కావాలె. ఎన్నేండ్లాయెనో, నాకూ కాలు గుంజుతున్నది."

శాంతవ్వ ఆయన కళ్లకింది నల్లటి చారలు చూసింది. అవి ఒక్క ఏడాదివి కావు.

"ఏ కాలు మామా?" అంది మెల్లగా.

రామస్వామిగౌడు వంగి తన రెండు కాళ్లనూ మార్చి మార్చి చూసుకున్నాడు.